వృద్ధాశ్రమములో వినువారెవరు?

వృద్ధాశ్రమమున చేరినవారికి కూడును పడకయు అమరిన చాలునని పలువురు తలంతురు. మందు వేళకందలేదనియో, పనివారు కసరిరనియో చెప్పుకొను చోటు అక్కరలేదా? అన్నము పెట్టువారిపైనే ఫిర్యాదు చేయుటకు ఎవరికి నోరు పెగలును?

అమెరికాలో సంరక్షణ గృహవాసుల పక్షమున మాటలాడు వ్యవస్థ ప్రతి రాష్ట్రమునను ఉండితీరవలెనని 1978లో శాసించిరి. మన దేశమున 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము ప్రకారము, అశక్తులైన వృద్ధులు అధికారమిచ్చినచో ఇతరులును వారి తరఫున ట్రిబ్యునలులో అర్జీ పెట్టవచ్చును. కాని ఆ అర్జీ బిడ్డలనుండియో బంధువులనుండియో పోషణవ్యయము కోరుటకే. ఆశ్రమము లోపలి కష్టమును విని, నిలదీసి అడుగుటకు, నిర్వాహకులకు లోబడని వ్యక్తి యొకరు జిల్లాకొక్కరైనను ఉండవలదా? ప్రభుత్వము అట్టివారిని నియమింపవలెను.

అందాక ఉపాధ్యాయులు, విద్యార్థులు ఊరక చూచుచుండనక్కరలేదు. పుట్టినరోజునాడు పండ్లు పంచి, ఫొటో తీయించుకొని మరలిపోవుట సేవ కాదు. నెలకొకమారైనను పోయి, చెంత కూర్చుండి, చెప్పినది వినవలెను. వారు సమ్మతించినచో, పేరు వెల్లడికాకుండ, 14567 సహాయవాణికి తెలుపవలెను. వృద్ధులు కోరునది మన జాలి కాదు. తమ మాటకు విలువ.