ట్రంకు పెట్టెలో పింఛను

వనపర్తిలో మా వీధి చివర ఒక పెద్దావిడ ఉంటుంది. భర్త మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చి, ఇరవయ్యేళ్లు పింఛను తీసుకుని కన్నుమూశాడు. దినాలు అయిన నెలకు ఆవిడ ఓ ప్లాస్టిక్ సంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు కథలు రాస్తవట గదా బిడ్డా! ఇంగ్లీషు వస్తది గదా! ఇందుల నా పేరు ఉన్నదో లేదో సూడు" అంది.

చూశాను. పింఛను ఉత్తర్వులో పేరు ఉంది. కానీ అది పుట్టింటి పేరు. ఆధార్‌లో అత్తింటివాళ్లు పిలిచిన పేరు. బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు. వెళ్లిన చోటల్లా "ఆమె నువ్వేనని రుజువేది?" అన్నారట. నలభయ్యేళ్లు కాపురం చేసిన ఇల్లాలిని అడగవలసిన ప్రశ్నేనా అది?

లోపం ఎక్కడుందని ఆలోచిస్తే మొదట మన ఇళ్లలోనే కనిపిస్తుంది. డిశ్చార్జి బుక్కు, పింఛను ఉత్తర్వు ఆయన ట్రంకు పెట్టెలో ఉంటాయి. తాళంచెవి ఆయన దగ్గరుంటుంది. "నీకెందుకు అవన్నీ?" అంటాడాయన. మనమూ ఊరుకుంటాం. పెళ్లి, పిల్లల పుట్టుక, పేర్ల మార్పు ఎప్పటికప్పుడు రికార్డు ఆఫీసులో నమోదు కావాలి. అది జరగకపోతే ఆ భారం చివరికి ఆడదాని నెత్తినే పడుతుంది.

అసలు మనకు రావలసిందేమిటో కూడా చాలామందికి తెలియదు. కుటుంబ పింఛను మామూలుగా చివరి జీతంలో 30 శాతం. మొదటి కొన్నేళ్లు 50 శాతం ఇస్తారు. మరణానికి సైనిక సేవే కారణమని తేలితే 60 శాతం. శత్రువుతో పోరాడుతూ చనిపోతే చివరి జీతం మొత్తం. 30కీ 60కీ మధ్య తేడా ఒక కుటుంబం తిండి, పిల్లల చదువు. అందుకే ఏ కారణంతో ఏ రకం పింఛను మంజూరు చేశారో అడిగి తెలుసుకోవాలి.

పదిహేనేళ్లు నిండక ముందే ఇంటికొచ్చిన జవాన్లకు సాధారణంగా పింఛను ఉండదు. అలాంటివాళ్లలో హవల్దారు, అంతకు తక్కువ హోదావాళ్లకు, వారి వితంతువులకు 65 ఏళ్లు దాటితే కేంద్రం నెలకు 4 వేలు ఇచ్చేది. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు దాన్ని 8 వేలు చేశారు. ఇద్దరు పిల్లల దాకా చదువుకు ఇచ్చే సాయం నెలకు వెయ్యి నుంచి 2 వేలకు, కూతురి పెళ్లికి ఇచ్చేది 50 వేల నుంచి లక్షకు పెరిగింది. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ లక్ష వర్తిస్తుంది. ఈ మాట మన పల్లెల్లో ఎంతమంది విన్నారు?

2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు దగ్గరకొచ్చాయి. సైనిక సంక్షేమ కార్యాలయం మాత్రం పాత పాలమూరులోనే ఉంది. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు, నిజమే. కానీ అలంపూర్ నుంచో అచ్చంపేట నుంచో పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అక్కడ "ఒక కాగితం తక్కువైంది, మళ్లీ రా" అంటే ఇంకో రోజు. కనీసం నెలకోసారైనా ఒక అధికారి ఈ మూడు పట్టణాలకు వచ్చి కూర్చోవచ్చు కదా!

ఇప్పుడు పింఛను 'స్పర్శ్' అనే కంప్యూటరు విధానంలోకి మారింది. ఏటా బతికే ఉన్నామని ధ్రువీకరించకపోతే పింఛను ఆగుతుంది. ఫోను కొడుకు చేతిలో, కొడుకు హైదరాబాదులో. తల్లి ఏం చేస్తుంది? దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్లో ఈ పని చేయించుకోవచ్చని ఆమెకు చెప్పేవాళ్లుండాలి.

2022లో వచ్చిన అగ్నిపథ్‌తో మరో ప్రశ్న తలెత్తింది. 2025 మేలో శ్రీసత్యసాయి జిల్లా కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో అమరుడయ్యాడు. ఈ పథకంలో 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం ఉన్నాయి గాని నెలనెలా వచ్చే కుటుంబ పింఛను లేదు. అతని తల్లి బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. తెల్లవారుజామున రోడ్ల మీద పరుగులు తీసే మన పిల్లల తల్లులు కూడా ఆలోచించవలసిన విషయమిది.

కోర్టు అనగానే భయపడనక్కర్లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం చట్టం ఇచ్చిన హక్కు. 2025 జూలైలో జాతీయ న్యాయసేవల సంస్థ సైనిక కుటుంబాల కోసమే ప్రత్యేక పథకం మొదలుపెట్టింది.

మా వీధి పెద్దావిడ సంగతి చెప్పలేదు కదూ. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ రాయించి, కాగితాలన్నీ జతచేసి రికార్డు ఆఫీసుకు పంపాం. ఏడు నెలలు పట్టింది. భర్త పోయిన మర్నాటి నుంచి లెక్కగట్టి బకాయి జమ చేశారు. "ఆయన ఉన్ననాడే ఈ పెట్టె తెరిచి సూస్తే అయిపోవు గదా బిడ్డా" అంది.

మీ ఇంట్లో ఫౌజీ ఉంటే ఆ పెట్టె ఈ రోజే తెరిపించండి. పింఛను ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి మీ పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. లేకపోతే ఆయన చేతే దిద్దించండి. ఫౌజీ లేని ఇల్లయితే, మీ వీధిలో చదువురాని అవ్వ ఎవరైనా ఉందేమో చూడండి. వీరనారి అని శాలువా కప్పడం కన్నా, ఆమె దరఖాస్తు నింపిపెట్టడం పెద్ద గౌరవం.