పదాల ముచ్చట: లింబర్

ఉన్నత పాఠశాలలో చదువుతున్న ఒక బాలిక మాకొక ప్రశ్న పంపింది. నాట్యం నేర్పే అధ్యాపకురాలు ముందుగా "లింబర్ అప్" కమ్మంటారట. చరిత్ర పుస్తకంలోనేమో సైనికులు ఫిరంగులను "అన్‌లింబర్" చేశారని ఉన్నదట. నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్నే పట్టుకొని, ఫిరంగులు బిగుసుకుపోయాయని ఆమె వ్రాసుకున్నది. తరగతిలో అందరూ నవ్వారట. నవ్వవలసినది ఏమీ లేదు; ఆమె తర్కం సక్రమమైనదే, అడ్డం తిరిగినది ఆంగ్ల భాష.

సులువుగా వంగేది అనే విశేషణం ఆ భాషలో 16వ శతాబ్దం నుంచి కనిపిస్తున్నది. దాని పుట్టుక నేటికీ తేలలేదు. అవయవమనే అర్థం గల "లింబ్" నుంచి వచ్చినదని కొందరు, బండి నొగ పేరు నుంచి వచ్చినదని మరికొందరు ఊహించారు. ఫిరంగి లింబర్ మాత్రం ఆ నొగల వంశానికి చెందినదే కావచ్చును. పల్లెలో ఎడ్లబండి ఎక్కిన వారికి నొగ అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర లేదు.

ఫిరంగికి ఉన్నవి రెండే చక్రాలు. దాని తోక నేలకు ఆనుతుంది. గుర్రాలు లాగాలంటే ఆ తోకను పైకెత్తి, మరొక రెండు చక్రాల బండి వెనుకనున్న కొక్కేనికి తగిలించాలి. ఆ ముందు బండియే లింబర్. మందుగుండు పెట్టె కూడా దాని మీదనే ఉండేది. ప్రయాణంలో ఫిరంగి నోరు వెనుకకు చూస్తుంది కనుక, రణరంగం చేరగానే కొక్కెం విప్పి, నోటిని శత్రువు వైపు త్రిప్పి నిలపాలి. అన్‌లింబర్ చేయడమంటే ఇదే. (మన "ఫిరంగి" మాటకు కూడా ఐరోపావాసి అనే అర్థమున్నది. 18వ శతాబ్దం చివర నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ తోపులు పోత పోయించిన చోటును హైదరాబాదులో నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పిలుస్తారు.)

వంగే గుణం చూడాలంటే నాట్యశాలకే వెళ్ళనక్కర లేదు. భిలాయి యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల పట్టా ఒకే ముక్కగా తయారవుతుంది. అటువంటివి రెండు అతికితే 260 మీటర్లు. అరచేతి పొడవు ముక్కను ఎవరు వంచగలరు? అదే పట్టా అనేక వ్యాగన్ల మీద పరచుకొని, దారి మలుపు తిరిగినచోట తానూ బెత్తంలా వంగుతుంది. మలుపు దాటాక మళ్ళీ తిన్నగా అవుతుంది. ఇది వంగడమే గాని లొంగడం కాదు.

ఒకే మాటకు రెండర్థాలుంటే తరగతిలో నవ్వుతో పోతుంది, కర్మాగారంలో పోదు. ఉక్కు తయారయ్యే చోట "హీట్" అంటే వేడి కాదు, ఒక విడతలో సిద్ధమైన ఉక్కు. "స్కల్" పుర్రె కాదు, లాడిల్‌లో గడ్డకట్టి మిగిలిన లోహం. భద్రతా సూచనలను నిఘంటువు ముందర పెట్టుకొని తెలుగులోకో హిందీలోకో మారిస్తే, కొత్తగా చేరిన కుర్రవానికి ఏమి బోధపడుతుంది? అతడు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తప్పుకోవాలో ఆ ఒక్క మాట మీదనే ఆధారపడి ఉండవచ్చును. అనువాదాన్ని అచ్చుకు పంపే ముందు ఆ విభాగంలో పనిచేసే సీనియర్ కార్మికునికి ఒకసారి చదివి వినిపించాలని మా మనవి.

మీ విభాగంలో ఇటువంటి మాటలుంటే, అక్కడ వాటికి చెల్లే అర్థంతో సహా వ్రాసి పంపండి. ఆ బాలికకు మా సమాధానం: నీ ఫిరంగులు బిగుసుకుపోలేదమ్మా, బండి నుంచి దిగాయి.