రెండు ప్రశ్న గుర్తులు

మా చిన్నాన్నకి మహానంది దగ్గర అరటి తోట ఉంది. పగలంతా తోట, రాత్రయితే ఫోన్‌లో చెస్. చిన్నప్పుడు నాకు ఆట నేర్పింది ఆయనే. అప్పట్లో నాకు బిషప్ అనే మాటే తెలీదు, శకటు అనేవాణ్ణి. మొన్న ఎండాకాలం సెలవుల్లో గెలవాల్సిన ఆట ఒకటి ఓడిపోయి, "యాడ పోగొట్టుకున్న్యానో జూడు అబ్బీ" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

స్టాక్‌ఫిష్‌లో పెట్టా. ఒక ఎత్తు పక్కన ఎర్రగా రెండు ప్రశ్న గుర్తులు. నల్ల రాజు ముందు మూడు బంట్లు కదలకుండా నిలబడి ఉన్నాయి, వెనక వరుసకి కాపలా లేదు. ఏనుగుని నేరుగా ఆ చివరి వరుసకి తోస్తే ఆటకట్టు. ఆయన మంత్రితో మూలనున్న బంటుని కొట్టాడు. "ఇది కూడా కనపళ్ళేదా చిన్నాన్నా?" అని నవ్వాను. ఆయనా నవ్వి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వారం రోజులు ఇంకో ఆట చూపించలేదు.

హాస్టల్లో మనం చేసేదీ ఇదే. ఎవడో ఓడిపోతాడు, వెనక నలుగురం ఇంజిన్ ఆన్ చేసి, ఆ ఎత్తు మేమే కనిపెట్టినట్టు చెప్తాం. 2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ జరిగినప్పుడు కూడా అంతే. కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ రెండు క్లాసికల్ ఆటలూ డ్రా చేసుకుని రాపిడ్ టైబ్రేక్‌కి వెళ్ళారు. పక్కన బార్ పైకీ కిందకీ ఊగుతుంటే, రెండుసార్లు ప్రపంచ రాపిడ్ ఛాంపియన్ అయిన హంపికే మేము సలహాలు! ఆ బార్ తీసేస్తే మాలో ఒక్కడికీ ఏమీ తోచదు.

కంపైలర్ ఎర్రర్ చూపిస్తే ఎవరూ అలగరు. అదే ఎర్రర్ సీనియర్ నవ్వుతూ చూపిస్తే అలుగుతాం. నా ఉద్దేశంలో ఇంజిన్ ఆన్ చేసే ముందు ఆడినవాణ్ణి ఒక మాట అడగాలి: "ఇక్కడ ఏమనుకున్నావు?" అని. ఇది మర్యాద కోసం చెప్పట్లేదు. ఏ ఎత్తు తప్పిపోయిందో ఇంజిన్ చెప్తుంది, ఎందుకు తప్పిపోయిందో దానికి తెలీదు.

వారం తర్వాత చిన్నాన్నని అదే అడిగా. "ఏనుగు ముందుకు పోతే నా రాజు ఎనకాల ఖాళీ అయితాది గదా, వాడు ఆడికే వస్తాడని బయపడ్న్యా" అన్నాడు. అంటే వెనక వరుస ప్రమాదం ఆయనకి బాగా తెలుసు! తన వైపు నుంచి చూశాడు, ఎదుటివాడి వైపు నుంచి చూడలేదు, అంతే. నేను మొదటిరోజే "వెనక వరుస జాగ్రత్త" అని పాఠం చెప్పుంటే తెలిసిందే మళ్ళీ చెప్పినట్టయ్యేది. ఆయనకి కావాల్సింది వేరే: ముందు చెక్ ఇచ్చే ఎత్తులన్నీ చూసుకుని, తర్వాత భయపడడం.

నిన్న రాత్రి వాట్సాప్‌లో ఇంకో ఆట పంపాడు. కింద ఆయనే రాశాడు: "పద్దెనిమిదో ఎత్తు కాడ ఏమనుకున్న్యానో జెప్తా, ముందు మిషను ఎయ్యొద్దు."