నవలలోని ఆకలి, చలనచిత్రములోని సముద్రము

ఒకే కథను గ్రంథమున చదివి, పిదప తెరమీద చూచినవారు ఈ రెండింటిలో నేది మేలని యడుగుట వాడుక. సామాన్యముగా నిది ప్రొద్దుపుచ్చుటకై వేయు ప్రశ్న. కాని ఘోరవిపత్తునుండి బ్రతికి బయటపడినవాని కథ విషయమున మాత్రము ఈ ప్రశ్నకు గౌరవము హెచ్చు. ఏలయన, అట్టి కథకు బ్రతికినవాడొక్కడే సాక్షి. మునిగిపోయినవారు తమ మాట తాము చెప్పుకొనజాలరు. ఆ సాక్ష్యమును మనసున కింపుగా చెప్పవలెనా, జరిగినది జరిగినట్లు చెప్పవలెనా యనునదే ఇచ్చట విచారింపదగిన విషయము. ఇందుకు 'లైఫ్ ఆఫ్ పై' యను నవలయు, దానినుండి తీసిన చలనచిత్రమును మంచి యుదాహరణములు.

ఈ నవలను కెనడా దేశీయుడగు యాన్ మార్టెల్ రచించెను. 2001వ సంవత్సరమున ప్రకటింపబడి, మరుసటి యేట బుకర్ బహుమానమును పొందినది. తైవాను ద్వీపమున జన్మించిన ఆంగ్ లీ దీనిని చిత్రముగా తీయగా, అది 2012 నవంబరులో విడుదలయ్యెను. కథానాయకుడు పుదుచ్చేరిలో జంతుప్రదర్శనశాల నడుపువాని కుమారుడు, పదునారేండ్ల వాడు. తల్లిదండ్రులతోను, అన్నతోను, జంతువులతోను కెనడాకు పోవుచుండగా నౌక మునిగిపోయెను. ఆ బాలుడు ఒక చిన్న పడవలో 227 దినములు పసిఫిక్ మహాసముద్రముపై తేలియాడి, తుదకు మెక్సికో తీరమును చేరెను. పడవలో వానికి తోడుగా నున్నది ఒక పెద్దపులి.

మన నగరమునకు ఈ చిత్రముతో రెండు విధముల సంబంధము కలదు. బాలుని తల్లి వేషమును ధరించిన టబు హైదరాబాదులో జన్మించిన నటి. అంతకంటె విశేషమేమనగా, తెరమీద మనము చూచు పులి చాలభాగము యంత్రగణకములపై చిత్రింపబడినది. ఆ పనిని ప్రధానముగా చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అను అమెరికా సంస్థకు ఆ కాలమున ముంబాయిలోను, హైదరాబాదులోను శాఖలుండెను. ఆ శాఖలవారును ఈ చిత్రపు పనిలో పాలుపంచుకొనిరి. పులి రోమములు తడిసి యంటుకొనుట, ఆకలిచే దాని ప్రక్కటెముకలు బయటపడుట, అలసి తలవాల్చుట చూచినప్పుడు అది బొమ్మ యని యెవరికిని తోపదు.

చిత్రముయొక్క గొప్పతనము సముద్రమును చూపుటలో నున్నది. నౌక మునుగు రాత్రి, నీటిలోని వెలుగులను చీల్చుకొని పైకెగయు తిమింగిలము, ఆకాశమును నీరును ఒకటైపోయిన ప్రాతఃకాలము, ఇవి మాటలచే సాధింపరానివి. మనిషి యెంత చిన్నవాడో, సముద్రమెంత పెద్దదో నవల పలు పుటలలో చెప్పుదానిని చిత్రము ఒక్క చూపులో చెప్పును. ఉత్తమ దర్శకత్వము, ఛాయాగ్రహణము, సంగీతము, దృశ్యకల్పనములకుగాను 2013లో దానికి నాలుగు ఆస్కారు బహుమానములు వచ్చుట సమంజసమే.

అయినను ఆకలిని చూపుటలో చిత్రము నవలకు తీసికట్టు. చిత్రమునకున్న కాలము రెండు గంటలకు కొంచెము మించినంత; 227 దినముల నీరసమును, విసుగును, దప్పికను ప్రేక్షకుడు ఆ కాలములో నోర్వనేరడు. నవలలో నట్లుకాదు. పడవలో దొరకిన వస్తువులను రచయిత ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చెప్పును. నీళ్ల డబ్బాలు తరుగుచుండుటను మనమును బాలునితోకూడ లెక్కపెట్టుదుము. శాకాహారియైన ఆ బాలుడు మొదట ఒక చిన్న ఎగురుచేపను చంపి వెక్కివెక్కి యేడ్చును. కొన్నాళ్లు గడచునప్పటికి తాబేలు నెత్తురును త్రాగుటకు కూడ వెనుదీయడు. పులికి తనకును తినుటలో భేదము లేకపోయెనని గ్రహించి తనలో తాను దిగులుపడును. చిత్రమునందును బాలుడు చేపను చంపి యేడ్చును, దైవమునకు కృతజ్ఞత చెప్పును; కాని చిత్రకారుడు ఆ కన్నీటికడనే ఆగిపోయెను. నవలాకారుడు కన్నీరింకిన తరువాతి స్థితిని చూపెను. ఆకలి మనుష్యుని నేడ్పించుట తొలిమెట్టు మాత్రమే. ఏడ్పును మరపించుట దాని చివరిమెట్టు.

నవలలోని మరియొక ఘట్టము చిత్రములో లేనేలేదు. పోషణలేమిచే చూపు కోల్పోయిన బాలునికి నడిసముద్రమున మరియొక పడవలో నున్న మరియొక గ్రుడ్డివాడు తటస్థపడును. ఇరువురును ఒకరికొకరు కనబడకయే తిండినిగూర్చి ముచ్చటించుకొందురు. తుదకు ఆ క్రొత్తవాడు బాలుని చంపబోయి తానే పులివాతబడును. దీనిని తీసివేసి, చిత్రకారుడు పుదుచ్చేరిలో ఆనంది యను నర్తకీబాలికతోడి స్నేహమును క్రొత్తగా చేర్చెను. భయంకరమైన దానిని తొలగించి ఇంపైనదానిని చేర్చుటలో చిత్రముయొక్క మొగ్గు తెలియుచున్నది.

ఇందుకు కొందరు సమాధానము చెప్పుదురు. చిత్రమును పిన్నలును పెద్దలును కలసి చూతురు. కన్నులకు జుగుప్స కలిగించునవి తెరమీద తగవని వారి వాదము. ఇది కొట్టివేయదగినది కాదు. చదువరి తనకు భారమైనచోట పుస్తకమును మూసి ఊపిరి తీసికొనగలడు. ప్రేక్షకునకు ఆ వెసులుబాటు లేదు. కావున చిత్రము కన్నులకు తెరవేయుట తప్పుగాదు. బుద్ధికి తెర వేసెనా లేదా యనునదే చూడవలసినది.

ఈ పరీక్షలో చిత్రము నెగ్గినదని నా యభిప్రాయము. కథాంతమున ఇరువురు జపాను ఉద్యోగులు బాలుని ప్రశ్నింపవత్తురు. పులికథను వారు నమ్మరు. అప్పుడు బాలుడు జంతువులు లేని మరియొక కథ చెప్పును: పడవలో నున్నవారు నౌకలోని వంటవాడు, కాలు విరిగిన నావికుడు, తన తల్లి, తాను, వంటవాడు మిగిలినవారిని చంపెను, వానిని తాను చంపెను. నవలలో ఇది ప్రశ్నోత్తరముల రూపమున నున్నది. చిత్రమున ఆంగ్ లీ ఈ రెండవ కథకు ఒక్క దృశ్యమైనను కల్పింపలేదు. ఆసుపత్రి మంచముపై బాలుని ముఖము, వాని కంఠము, అంతే. అంతవరకు సముద్రమంతటిని చూపిన చిత్రము అచ్చట చూపుట మాని వినిపించెను. మనస్సులో ఆ ఘోరమును మనమే చిత్రించుకొనవలసి వచ్చెను. పిదప బాలుడు, ఏ కథ మీకు మేలుగా తోచినదని వారినే యడుగును.

ఈ ప్రశ్న ఉస్మాన్‌గంజ్ పరిసరములవారికి క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. ఏబదివేలుకాదు, పదివేలుకాదు, సుమారు పదునైదువేల ప్రాణములు పోయెనని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్‌లో నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నున్న చింతచెట్టు నాడు దాదాపు 150 మందిని కాపాడెనని ప్రసిద్ధి. ఈ చెట్టు కథ మనకెల్ల ప్రియమైనది. కాని ఆ వరదలోనే ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి తానొక్కడు మిగిలెను. ఆ దుఃఖమును పద్యముగా వ్రాసెను. చెట్టుకథ ఒకటి, అమ్జద్ కథ మరియొకటి; వరద మాత్రమొక్కటే. మొదటిదానిని మాత్రమే చెప్పుకొన్నయెడల చనిపోయినవారికి అన్యాయము చేసినవారమగుదుము. రెండవదానిని మాత్రమే చెప్పుకొన్నయెడల బ్రతుకుటకు ధైర్యము చాలదు.

ఇంకొక సంగతి చదువరులు గమనింతురుగాక. నవలలో నౌక మునిగినది 1977 జూలై 2వ తేదీ. బాలుడు ఒడ్డు చేరినది 1978 ఫిబ్రవరి 14వ తేదీ. ఆ మధ్యకాలమున, 1977 నవంబరు 19వ తేదీన, కృష్ణాతీరపు దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలకొలది జనులను పొట్టను పెట్టుకొనెను. లెక్కకు అది కల్పితబాలుని పడవ ప్రయాణములో 140వ దినము. ఆ బాలుని కథను లోకమంతయు నెరుగును. తాటిచెట్లను, ఇంటికప్పులను పట్టుకొని ఆ రాత్రి గడపిన మనవారి కథలనో, ఇంటింట పెద్దలు చెప్పగా విన్నవారే యెరుగుదురు.

చిత్రమును సృజించినవారి గతియు విచారింపదగినదే. బహుమానములు పంచుటకు కొలది దినములు ముందు, 2013 ఫిబ్రవరిలో, పులిని సృష్టించిన ఆ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. పులికి కీర్తి మిగిలినది. దానికి ప్రాణముపోసినవారిలో పలువురికి కొలువు మిగులలేదు. తెరపైని యందమునకు వెనుక చెప్పబడని రెండవ కథ ఇచ్చటను కలదు.

కావున విద్యార్థులకు నా మనవి యిది. మొదట చిత్రమును చూడుడు. సముద్రముయొక్క వైశాల్యమును అదే చక్కగా తెలుపును. అంతటితో కథ తెలిసెనని తలపక నవలను చదువుడు. ఆకలి యెట్టిదో అదే తెలుపును. తల్లిదండ్రులు పెద్దపిల్లలకు ఆ కఠినఘట్టములను దాచక, ప్రక్కన కూర్చుండి చదివించినచో మేలు. తరువాత మీ యింటి పెద్దలను, ఏ వరదయో, ఏ కరవో, ఏ ఉప్పెనయో మనవారెట్లు దాటిరని యడుగుడు. వారు చెప్పు మొదటి కథ బహుశః చెట్టుకథవలె ధైర్యము చెప్పునదై యుండును. దానిని విని లేచిపోవక, మరి కొంతసేపు వారికడ కూర్చుండుడు. రెండవ కథ చెప్పినయెడల దానినిగూడ తేదీతో, ఊరిపేరుతో వ్రాసి యుంచుడు. వచ్చే సంవత్సరపు సంచికకు అట్టి వ్యాసములు పది వచ్చినను ఈ పత్రికకు శోభయే.