కోత ఒకరిది, వాత ఒకరికి
బ్రిటన్‌లో 2010లో గద్దెనెక్కిన కన్జర్వేటివ్–లిబరల్ డెమొక్రాట్ సంకీర్ణం ఖజానా లోటు చూపి ఖర్చులకు కత్తెర వేసింది. పొదుపు తప్పదని చాలామంది తలూపారు, తమ ఊరి లైబ్రరీకి తాళం పడేదాకా. పద్దులు కోసింది కన్జర్వేటివ్ ఆర్థికమంత్రి ఆస్‌బర్న్. జనం కోపం మాత్రం చిన్న భాగస్వామి లిబరల్ డెమొక్రాట్ల మీద పడింది. ఊరికే కాదు. ఫీజుల పెంపును అడ్డుకుంటామని సంతకం చేసి ఓట్లడిగిన ఆ పార్టీ నేత నిక్ క్లెగ్, ఏడు నెలలకే ఇంగ్లండ్ యూనివర్సిటీల ఫీజు పరిమితిని ఏడాదికి 9,000 పౌండ్లకు పెంచేందుకు ఓటేశారు. 2012లో క్షమాపణ చెప్పారు. పెంచినందుకు కాదట, మాట ఇచ్చినందుకు! 2015లో ఆయన పార్టీ 57 సీట్ల నుంచి 8కి జారింది. కత్తెర పట్టిన కన్జర్వేటివ్‌లకేమో సొంతంగా మెజారిటీ దక్కింది. ఇందులో న్యాయం సగమే.