పులి బొమ్మకు వెనకవైపు

మహారాష్ట్రలోని బల్లార్షా స్టేషన్‌లో గోడమీద గీసిన పులి నోటి దగ్గర చెయ్యి పెట్టి మావాడు సెల్ఫీ దిగబోయాడు. మా అమ్మ వాడి చేతిమీద ఒక్కటిచ్చింది. "దేవుని నోట్ల చెయ్యి పెడ్తవారా?" అంది. చిన్నతనంలో తాడోబా అడవి అంచున తునికాకు కోసిన మనిషి. ఇప్పటికీ పులి పేరెత్తదు, "పెద్దాయన" అంటుంది.

2018లో రైల్వేవాళ్లు స్టేషన్లకు పెట్టిన అందాల పోటీలో దేశంలోకెల్లా మొదటి బహుమతి బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకే వచ్చింది. చిత్రాలకు పుట్టిల్లయిన మధుబని కూడా మన తరవాతే. ఆ గర్వం నాకూ ఉంది. కానీ తాడోబాకు పేరిచ్చిన తారు కథ ఆ గోడలమీద ఎక్కడా నా కంట పడలేదు. తారు ఊరిపెద్ద. పులితో తలపడి చనిపోయి దేవుడయ్యాడని గోండు ఆదివాసులు చెబుతారు. తాడోబా చెరువు గట్టున పెద్ద చెట్టుకింద ఆయన గుడి, పుష్యమాసంలో జాతర. చంపిన పులికీ మొక్కుతారు, చచ్చినవాడికీ మొక్కుతారు. ఇది తెలియకపోతే గోడమీది పులి సఫారీ టికెట్టు ప్రకటనే.

బొమ్మతోపాటు దాని కథనూ ఇచ్చేవాళ్లున్నారు. మెక్సికో కొండల్లో హుయిచోల్ అనే తెగ ఉంది. చెక్కపలకకు తేనెమైనం పూసి, రంగునూలు పోగుల్ని వేలితో అదిమి బొమ్మ కడతారు. జింక, మొక్కజొన్న, పెయోటే అనే చిన్న కాక్టస్ మూడూ వాళ్లకు ఒకటే దైవం. దేవుడికి కానుకగా పెట్టే పలకలే పెద్దవై బజారుకొచ్చాయి. అయినా చాలావాటి వెనక ఆ బొమ్మ కథ చేత్తో రాసి ఉంటుంది. కొన్నవాడు గోడకు తగిలిస్తే ఆ రాత గోడవైపు తిరుగుతుందనుకోండి, అది వేరే సంగతి.

స్టేషన్ యోగం వాళ్లకూ పట్టింది. పారిస్ మెట్రోలో, లూవ్ర్ మ్యూజియం స్టేషన్‌లో 20 లక్షల పూసల హుయిచోల్ చిత్రం 1997 నుంచీ ఉంది. దాన్ని చేసిన సాంతోస్ దె లా తోర్రేను మాత్రం ఆవిష్కరణకు పిలవలేదు.

మన పులికీ ఒక వెనకవైపు ఉండాలి. పక్కనే గోండిలో, మరాఠీలో, తెలుగులో నాలుగేసి వాక్యాలు చాలు. కాగజ్‌నగర్ నుంచి వచ్చి దిగేవాళ్లూ చదవొద్దూ? ఆ వాక్యాలు గోండు పెద్దల నోట విని రాయాలి, టూరిజం కరపత్రంలోంచి ఎత్తి రాయొద్దు. కింద, బొమ్మ గీసినవాళ్ల పేర్లు.

ఆ రోజు పులి ముందరికాలి మీద ఎవరో ఉమ్మిన గుట్కా మరక ఉంది. అమ్మ సీసాలో నీళ్లతో కొంగు తడిపి తుడవబోయింది. రైలొచ్చిందని నేనే లాక్కుపోయాను.