స్కాట్లండు జూలుపశువులు – మనము నేర్వదగిన పాఠము

సభ్యులు కొందఱు స్కాట్లండు దేశపు హైలండు పశువుల చిత్రములను చూచి, వానిని గూర్చి తఱచుగా నన్నడుగుచున్నారు. వారి ప్రశ్నలకు సమాధానములు చెప్పి, నా యభిప్రాయమును గూడ మనవిచేయుచున్నాను.

అంత వెండ్రుక యేల? వాని జన్మస్థానము స్కాట్లండు ఉత్తర, పశ్చిమ భాగములందలి కొండలును దీవులును. అచ్చట చలిగాలియు వానయు మెండు. పై వెండ్రుకలు జిడ్డుగలవై వాననీటిని జాఱవిడుచును. లోపలి మెత్తని నూగు వెచ్చదనమును నిలుపును. కన్నులపై వ్రేలాడు జూలు వానను, ఈగలను అడ్డగించును.

మేత యేమి? ఇతర పశువులు ముట్టని ముతక గడ్డిని, పొదల ఆకులను మేసి బ్రదుకును. అయితే త్వరగా నెదుగవు. ఆవు 400 మొదలు 500 కిలోలు, ఆబోతు 800 కిలోల వఱకు తూగును. 15 ఏండ్లు దాటియు ఈనునవి కలవు. వీనిని ముఖ్యముగా మాంసముకొఱకే పెంచుదురు.

పొడుచునా? ఆవుకును ఆబోతునకును పొడవైన కొమ్ములు కలవుగాని స్వభావము సాధువు. దూడ ప్రక్కనున్న తల్లియెడ మాత్రము జాగ్రత్త వలయును.

మన యూళ్లకు తెప్పింపవచ్చునా? వలదనియే నా దృఢాభిప్రాయము. చలికి కవచమైన వెండ్రుక మన వైశాఖపుటెండలో శిక్ష యగును.

మనము తెచ్చుకొనదగినది ఆ పశువును గాదు, ఆ రైతుల పద్ధతిని. వారు 1884లో సంఘముగా నేర్పడి, 1885లో వంశావళి గ్రంథమును ప్రకటించిరి. ఏ దూడకు తల్లి యేది, తండ్రి యేది యను లెక్క నాటినుండి నిలిచియున్నది.

మన ఒంగోలు జాతియు తన నేలకు తగినదే. పొట్టి తెల్లని రోమములు, నల్లని చర్మము, వదులైన గంగడోలు ఎండకు దాని కవచములు. బ్రెజిలు దేశీయులు 19వ శతాబ్దమునుండి దీనిని కొనిపోయి, మన నెల్లూరి పేరనే ‘నెలోర్’ అని పిలుచుచు కోట్లకొలది పెంచుకొనిరి. ఇచ్చటనో, ట్రాక్టరు వచ్చి ఎద్దుకు పని తగ్గెను. పాలకై విదేశీ సంకరము హెచ్చెను. సంకరమును నేను నిందింపను. పాలసొమ్ముతో పిల్లలను చదివించుకొనువారు అనేకులు. కాని ప్రతి యావును సంకరమునకే కట్టించినచో, రేపు కావలసినప్పుడు శుద్ధబీజ మెచ్చట దొరకును?

శుద్ధజాతిని మేపుట నష్టమందురు. ఒక్క రైతునకు అది నిజమే. ఒక్కడు మోయలేని బరువును పదుగురు మోయుటకే గదా సంఘము! ఒంగోలు పశువులున్న ప్రతి గ్రామసంఘమును ఒక మంచి ఆబోతును ఉమ్మడిగా పోషింపవలెను. ప్రతి దూడకును పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరము ఒక పుస్తకమున వ్రాయవలెను. పుస్తకమునకు ఖర్చు స్వల్పము. పోయిన జాతిని ఏ ధనమును తిరిగి తేలేదు. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింప ప్రార్థన.